చంద్రతాల్ వెళ్లే ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి

చంద్రతాల్ ప్రయాణం అనగానే అందరూ స్వెటర్ల గురించే అడుగుతారు. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారు? హిమాచల్‌ప్రదేశ్‌లోని ఈ సరస్సు దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లే. పొద్దున అక్కడ బయలుదేరి సాయంత్రానికల్లా సరస్సు దగ్గరి గుడారాలకు చేరిపోవచ్చు. చిక్కంతా అక్కడే: పల్చటి గాలికి శరీరం అలవాటు పడేలోపే అంత ఎత్తులో పడుకుంటే జబ్బు చేయవచ్చు.

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. అందుకే సిమ్లా, కిన్నౌర్ మీదుగా నిదానంగా స్పితి లోయలోని కాజా పట్టణం చేరి, అక్కడ రెండు రాత్రులు గడిపి వెళ్లమంటాను. సెలవులు ఎక్కువ ఖర్చవుతాయి, నిజమే. మనాలి వైపు నుంచే వెళ్తామంటే, సరస్సు చూసి అదే రోజు దిగిపోవడం మేలు.

తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం కనిపిస్తే ఇక పైకి వెళ్లవద్దు. అడుగు తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా దిగాలి. ఎటు దిగాలన్నది ముందే తెలిసి ఉండాలి. కాజా వైపు వెళ్లాలంటే 4,500 మీటర్లు దాటిన కుంజుం కనుమ ఎక్కక తప్పదు. రోగిని ఇంకా పైకి మోసినట్టవుతుంది. బాతల్ అనే మజిలీ మీదుగా మనాలి వైపు వెళితేనే ఎత్తు తగ్గుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే బయలుదేరకముందే వైద్యుడిని అడగండి, సల్ఫా మందులు పడనివారు మరీ ముఖ్యంగా. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

బాతల్ దారిలో వాగులు రోడ్డు మీదుగానే పారతాయి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే దాటాలి. 2023 జులైలో, నడివేసవి అనుకునే రోజుల్లో, మంచు కురిసి దాదాపు 300 మంది పర్యాటకులు చంద్రతాల్ దగ్గర చిక్కుకుపోయారు. రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

నీలాన్ని చూసి నీళ్లలోకి దిగాలనిపిస్తుంది. దిగకండి. ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో తల మునిగితే ఈత వచ్చినా ఉపయోగం లేదు.

రాత్రి ఉండదలిస్తే బండిని వెనక్కి పంపేయకండి. అర్ధరాత్రి దిగవలసి వస్తే అదే దిక్కు.