పాత లూనా, టీవీఎస్ 50: వేడెక్కగానే ఆగిపోతుంటే ఎక్కడ చూడాలి

కైనెటిక్ లూనా 1972లో, టీవీఎస్ 50 1980లో వచ్చాయి. రెండూ పెడళ్లున్న 50 సీసీ టూస్ట్రోక్ బండ్లే. ఇంజన్‌లో భాగాలు తక్కువ కాబట్టి లోపం దాక్కునే చోట్లూ తక్కువే. అయినా చాలామంది ముందుగా కార్బరేటర్ స్క్రూ తిప్పేస్తారు. దాంతో ఉన్న సెట్టింగ్ పోతుంది, అసలు లోపం మాత్రం అక్కడే ఉంటుంది. ఆ స్క్రూ జోలికి ఆఖరున వెళ్లండి.

నాలుగైదు కిలోమీటర్లకు ఆగుతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది

ఇంటికి తెచ్చాక వెతికితే ఈ లోపం దొరకదు. బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే చూడాలి.

మొదట పెట్రోల్ ట్యాంకు మూత తిప్పండి. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, కాసేపటికి బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్టే. సన్నని తీగతో పొడిచి, పెట్రోల్‌తో కడిగితే సరిపోతుంది.

శబ్దం రాకపోతే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు: కార్బరేటర్ దగ్గర పైపు తీసి సీసాలోకి పట్టండి. ధార తెగకుండా రావాలి. చుక్కలుగా పడితే ట్యాపు జాలీలో తుప్పు చేరింది.

ప్లగ్గు తడిగా ఉంటే కరెంటు చూడాలి. ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజన్‌కు ఆనించి పెడల్ తొక్కండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అందులోంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. నిప్పురవ్వ నీలంగా, గట్టిగా ఉండాలి. పసుపు రంగులో సన్నగా ఉన్నా, అసలు రాకపోయినా అనుమానం కండెన్సర్ (కరెంటును క్షణం పాటు నిల్వ చేసే చిన్న భాగం) మీద, ఆ తర్వాత కాయిల్ (నిప్పురవ్వకు కావాల్సిన వోల్టేజీ పెంచే తీగచుట్ట) మీద. పాయింట్ల (కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) మధ్య పెద్దగా నిప్పులు చిమ్ముతూ, అవి నల్లగా మాడి ఉంటే కండెన్సర్ పోయిందనే అనుకోవచ్చు.

కండెన్సర్ మాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగే అయస్కాంతపు చక్రం) వెనక ఉంటుంది. మాగ్నెట్‌ను పుల్లర్‌తోనే (చక్రాన్ని లాగి తీసే పనిముట్టు) తీయండి. సుత్తితో కొడితే క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) వంగుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది. సేకరణదారులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: పాత స్టాకు డబ్బాలో దొరికిన కొత్త కండెన్సర్ వాడనిదే అయినా, దశాబ్దాల తరబడి పడి ఉండి లోపల ఇన్సులేషన్ పాడై ఉండొచ్చు. ఇటీవల తయారైనదే వేయండి. బండితో వచ్చిన అసలు భాగాన్ని మాత్రం పేరు రాసి దాచండి.

ఎలాగూ విప్పారు కాబట్టి పాయింట్లను పెట్రోల్‌లో తడిపిన అట్టముక్కతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర, ప్లగ్గు గ్యాప్ 0.5-0.6 మి.మీ. పెట్టండి. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

యాక్సిలరేటర్ వదిలినా స్పీడు తగ్గదు, ప్లగ్గు తెల్లగా ఉంటుంది

ఎక్కడో గాలి పీలుస్తోంది. ఈ స్థితిలో నడపొద్దు. గాలితో పోలిస్తే పెట్రోల్ తగ్గి, దాంట్లోనే కలిపి పోసే ఆయిలూ తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది. కార్బరేటర్ జాయింటు చుట్టూ గ్రీజు పూసి ఇంజన్ నడపండి. మోత మారితే ఆ జాయింటు మధ్య ఉండే ప్యాకింగ్ మార్చండి. మారకపోతే మాగ్నెట్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ చూడండి. ఏళ్లు పడి ఉన్న బండిలో ఈ రబ్బరు గట్టిపడి ఉంటుంది.

ఎత్తు ఎక్కదు, పికప్ లేదు

బోరు చేయించే (అరిగిన సిలిండర్‌ను కోయించే) ముందు సైలెన్సర్ విప్పి చూడండి. ఆయిల్ మసి పేరుకుని దారి మూసుకుపోయి ఉండొచ్చు. పిస్టన్‌ను పైకి తెచ్చి, ఇంజన్ పొగ రంధ్రంలోని మసిని చెక్కపుల్లతో గీకండి. అప్పుడు మసి సిలిండర్‌లో పడదు. సైలెన్సర్‌ను మంటలో కాల్చొద్దు, క్రోమ్ నీలంగా మారి బండి విలువే పోతుంది. కాస్టిక్ సోడా నీళ్లు లోపల పోసి ఒక రాత్రి ఉంచండి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. అల్యూమినియం భాగాలకు తగలనివ్వొద్దు.

నెలల తర్వాత తీస్తే పైపు మెత్తబడి, కార్బరేటర్ కింది ఫ్లోట్ గిన్నెలో జిగురు

ఇప్పటి పెట్రోల్‌లోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును తింటుంది. ఇథనాల్ తట్టుకునే పైపు, ట్యాపు వాషర్లు వేయండి. బండి నిలిపే ముందు ట్యాపు మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి.