కుక్కల్లో పెరీనియల్ హెర్నియా శస్త్రచికిత్స – 4వ పాఠం: కండరాన్ని పైకి తిప్పడం

పెరీనియల్ హెర్నియా అంటే మలద్వారం పక్కనుండే కండరాలు బలహీనపడి, లోపలి కొవ్వు, అవయవాలు చర్మం కిందికి జారిరావడం. గత పాఠంలో ఆ హెర్నియా సంచి తెరిచి, జారివచ్చిన కొవ్వును, మూత్రాశయాన్ని లోపలికి నెట్టి, మళ్ళీ జారకుండా గాజుగుడ్డ అడ్డుపెట్టాం. వృషణాలను ముందే తొలగించాం. ఇప్పుడు కనిపించే ఖాళీకి లోపలివైపు మలద్వారాన్ని మూసి ఉంచే స్ఫింక్టర్ కండరం, బయటివైపు కాక్సీజియస్, లెవేటర్ ఏనై కండరాలు ఉంటాయి. వయసు మళ్ళిన మగకుక్కల్లో లెవేటర్ ఏనై బాగా క్షీణించి, ఒక్కోసారి దొరకనే దొరకదు. అడుగున ఇషియం (కటి వెనుక భాగపు ఎముక) మీద పరుచుకున్నది ఇంటర్నల్ ఆబ్ట్యురేటర్ కండరం.

స్ఫింక్టర్‌ను నేరుగా పక్క కండరాలకు లాగి కుట్టేయవచ్చు కదా అనిపిస్తుంది. పైభాగంలో అది కుదురుతుంది. అడుగున మాత్రం బిగువు ఎక్కువై మలద్వారం ఒక పక్కకు గుంజుకుపోతుంది, హెర్నియా తిరగబెట్టేదీ ఎక్కువగా అక్కడే. అందుకే ఆ లోటును ఆబ్ట్యురేటర్‌తో పూడుస్తాం.

కత్తి పట్టకముందు ఆ కండరం పైన పోతున్న పుడెండల్ నాడిని, రక్తనాళాలను వెతికి చూసుకోండి. అవి కనిపించేవరకు ముందుకు వెళ్ళవద్దు. తర్వాత ఇషియం వెనుక అంచు వెంట కోసి, ఎలివేటర్ అనే చదునైన పనిముట్టు‌తో ఎముకను గీరుతూ కండరాన్ని, ఎముకను అంటిన పొరతో సహా లేపండి. కటి ఎముకలోని ఆబ్ట్యురేటర్ రంధ్రం వెనుక అంచు తగలగానే ఆగిపోవాలి. ఆ రంధ్రంలోంచి కూడా ఒక నాడి పోతుంది.

ఇక కుట్లు. 0 లేదా 2-0 మందం ఉన్న ఒకే పోగు (మోనోఫిలమెంట్) దారం తీసుకోండి. పైన స్ఫింక్టర్‌ను కాక్సీజియస్‌తో, కింద ఆబ్ట్యురేటర్‌ను ఆ రెండింటితో కలుపుతూ కుట్లన్నీ వేయండి. ఒక్క ముడీ అప్పుడే బిగించవద్దు. ఒకటి బిగిస్తే లోతు మూసుకుపోయి, తర్వాతి సూది గుడ్డిగా దిగుతుంది. స్ఫింక్టర్‌లో సూది మరీ లోతుకు పోతే పురీషనాళంలోకో, మలద్వారం పక్కనుండే చిన్న సంచి అయిన ఆనల్ శాక్‌లోకో దిగి చీము పడుతుంది. పక్కన గట్టి పట్టీలా ఉండే సాక్రోట్యూబరస్ లిగమెంట్‌ను పట్టాల్సి వస్తే సూదిని దాని మధ్యలోంచి పోనివ్వండి. చుట్టూ తిప్పితే కాలికి పోయే సయాటిక్ నాడి ముడిలో ఇరుక్కుంటుంది. మెలకువ రాగానే కుక్క తీవ్రమైన నొప్పితో అరుస్తూ, ఆ కాలు మోపలేకపోతే అదే కారణమని అనుమానించి, ఆలస్యం చేయకుండా ఆ కుట్టు తీసేయాలి.

గాజుగుడ్డ బయటికి తీసి, లెక్క సరిచూసుకున్నాకే ముడులు బిగించండి. పైనుంచి కిందికి రండి. చివర్లో మలద్వారం చుట్టూ వేసిన తాత్కాలిక కుట్టు విప్పి, వేలితో లోపల తడిమి చూడండి. గోడలో దారం తగిలితే ఆ కుట్టు మళ్ళీ వేయాల్సిందే.

ఈ భాగాన్ని మొదట కళేబరం మీద, ఒక అనుభవజ్ఞుడు పక్కన ఉండగా సాధన చేయండి. రెండో వైపు కూడా హెర్నియా ఉంటే ఎంత వ్యవధి ఇవ్వాలో 5వ పాఠంలో చూద్దాం.