మోకాలి మార్పిడి నొప్పి పాఠాలు – 3: బ్లాక్ దిగకముందే మాత్ర

పోయిన పాఠంలో నడుముకిచ్చే మత్తు చూశాం. అది మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది, కాలి వేళ్ళు కదులుతాయి, మోకాలు మాత్రం ఇంకా నొప్పి పుట్టదు. "అమ్మకి నొప్పే లేదండీ, ఈ మాత్ర ఎందుకు?" అని అటెండెంట్లు అడిగేది సరిగ్గా అప్పుడే. నొప్పి లేనిది బ్లాక్ (మోకాలి నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్) ఇంకా పనిచేస్తోంది కాబట్టి.

తొడ మధ్యలో లోపలివైపు, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ, అడక్టర్ కెనాల్ అనే సందులోకి రోపివకైన్ లాంటి తిమ్మిరి మందు ఎక్కిస్తారు, ఈ బ్లాక్ అంటే ఇదే. ఇదివరకు ఎక్కువగా గజ్జల దగ్గర ఫెమొరల్ నరానికే ఇచ్చేవాళ్ళు, నొప్పి బాగానే తగ్గేది గానీ తొడ ముందు కండరం కూడా చచ్చుబడేది, లేచి అడుగేస్తే మోకాలు మడతపడి పడిపోయే భయం ఉండేది. అడక్టర్ కెనాల్ బ్లాక్‌లో ఆ భయం తక్కువ, అయినా వాకర్, పక్కన మనిషి లేకుండా లేవనివ్వకండి. ఇది మోకాలి వెనక భాగాన్ని పెద్దగా పట్టించుకోదు, అందుకని వెనక కాస్త లాగినట్టుంటే బ్లాక్ ఫెయిలైందని కంగారు పడక్కర్లేదు.

ఇక అసలు పాఠం. ఒక్కసారి ఇచ్చే బ్లాక్ సుమారు 12 నుంచి 24 గంటలు ఉంటుంది. ఎన్నింటికి ఇచ్చారో మత్తు డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసుకోండి. ఉదయం 10కి ఇస్తే రాత్రి 10 నుంచి మర్నాడు ఉదయం 10 లోపు ఎప్పుడైనా దిగొచ్చు, అంటే అందరూ నిద్రలో ఉండే టైమే. దిగాక నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, మాత్రేమో పనిచేయడానికి అరగంట, గంట పడుతుంది. ఆరుగంటలకోసారి అని చీటీలో ఉంటే రాత్రి 10 డోసు మానొద్దు, తెల్లవారుజామున 4కి నర్సు రాకపోతే మీరే వెళ్ళి అడగండి, నిద్రపోతున్నా లేపి వేయించండి. కానీ మరీ మగతగా ఉండి, పిలిస్తే సరిగా పలకకపోతే మాత్ర వేయకుండా ముందు నర్సుకి చెప్పండి.

దిగుతోందని ఎలా తెలుస్తుంది? స్పిరిట్ దూదితో పిక్క లోపలివైపు, రెండు కాళ్ళకీ ఒకేచోట తుడవండి (కట్టు జోలికి పోకుండా). ఆపరేషన్ కాలికి చల్లదనం తెలియకపోతే బ్లాక్ ఉన్నట్టే. మందంగా తెలియడం మొదలైందా, డోసు టైమ్ ఎంత దూరంలో ఉందో చూసుకోండి. తిమ్మిరిగా ఉన్నంతసేపూ ఆ చర్మం మీద వేడి కాపడం వద్దు, ఐస్ అయినా గుడ్డ చుట్టే పెట్టాలి.

ఒక చిక్కుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు కలిపిన కొన్ని మాత్రల్లో పారాసెటమాల్ కూడా ఉంటుంది, విడిగా ఇంకో పారాసెటమాల్ వేస్తే రెండూ కలిసిపోతాయి. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్ళకీ లివర్ జబ్బున్నవాళ్ళకీ ఇంకా తక్కువే. కిడ్నీ సమస్య ఉంటే ఇంట్లో మిగిలిన డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర సొంతంగా అస్సలు వేయొద్దు.

మాత్ర వేసినా భరించలేనంత నొప్పి, లేదా నడుము మత్తు దిగిపోయాక కూడా పాదం పైకి లేవకపోవడం, ఈ రెంటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి.

వచ్చే పాఠంలో బ్లాక్ మందు ఎక్కించడానికి రెండు మూడు రోజులు ఉంచే కెథెటర్ (సన్నని గొట్టం).