ఫోన్ లాక్కునే ముందు గ్రౌండ్ సంగతి చూడండి

పిల్లాడు గంటల తరబడి గేమ్ ఆడుతున్నాడంటే ముందు అది ఇష్టమా, వ్యసనమా అన్నది తేల్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ అందులో రోజుకి ఇన్ని గంటలన్న లెక్క లేదు. ఆపలేకపోవడం, మిగతావన్నీ గేమ్ తర్వాతే అనిపించడం, నష్టం కనబడుతున్నా ఆడుతూనే ఉండడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగి చదువూ ఇంట్లో వాళ్లతో మాటలూ దెబ్బతినడం, ఇవే చూస్తారు. పరీక్షలయ్యాక వారం రోజులు పొద్దస్తమానం ఆడితే జబ్బు కాదు.

తర్వాత, వాడు గ్రౌండ్‌కి వెళ్లడం ఎప్పుడు మానేశాడో గుర్తు చేసుకోండి. గేమ్ వల్లే ఆటలు పోయాయని అనేస్తాం కానీ చాలా ఇళ్లలో కథ తిరగేసి ఉంటుంది. మా అక్క కొడుకు బ్యాడ్మింటన్ టీమ్‌లో చోటు రాక మానేశాడు, హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చోవడం ఆ తర్వాతే మొదలైంది. రెండేళ్లకి రాకెట్ కవర్ తీస్తే గ్రిప్ కరిగి చేతికి జిగురులా అంటుకుంది. వాడు కోర్టుకి తిరిగి వెళ్లింది మా లెక్చర్లు విని కాదు, డబుల్స్‌కి ఒకడు తక్కువయ్యాడని ఫ్రెండ్ పిలిస్తే.

అందుకే ఒంటరిగా జాగింగ్‌కి తోలకండి. గేమ్‌లో టీమ్ ఉంటుంది, లెవెల్ ఉంటుంది, బాగా ఆడితే ఆ క్షణమే తెలుస్తుంది. జాగింగ్‌లో వాడికి చెమట తప్ప ఏముంది? జోడీతోనో జట్టుతోనో ఆడేది వెతకండి, రోజూ గేమ్‌లోకి లాగిన్ అయ్యే టైమ్‌కి కాస్త ముందే పెట్టండి, ఒకసారి కూర్చున్నాక లేపడం మీ వల్ల కాదు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలంటారు, మీరు 20తో మొదలుపెట్టినా చాలు.

మ్యాచ్ మధ్యలో వైఫై కట్ చేయకండి. మిగతా ప్లేయర్లు వాడి మీద ఆధారపడి ఉంటారు, మధ్యలో వెళ్లిపోతే కొన్ని గేముల్లో పెనాల్టీ కూడా పడుతుంది, ఆ కోపమంతా మీ మీదకే. "ఇది ఎంతసేపట్లో అయిపోతుంది?" అని అడిగి, అయ్యాక మాత్రం మాట మీద నిలబడండి. గంట ఆడొస్తే గంట గేమ్ అనే బేరం నాకైతే నచ్చదు, ఆట గేమ్‌కి కట్టే ఫీజులా తయారవుతుంది. రాత్రి ఫోన్ గది బయట ఛార్జింగ్‌లో ఉండాలి (మీది కూడా).

స్కూలే మానేసినా, ఆపమంటే వస్తువులు పగలగొడుతున్నా, చెప్పకుండా డబ్బులు తగలేస్తున్నా, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా గ్రౌండ్ సరిపోదు, వెంటనే సైకియాట్రిస్టుకి చూపించండి. గేమ్ వెనక డిప్రెషన్ ఉండొచ్చు.

మిగతా వాళ్లయితే మొదటి పది రోజులు షూ లేసులు కట్టుకుంటూ కూడా గొణుగుతారు. గొణగనివ్వండి. ఇంటికొచ్చాక "గెలిచావా?" అని కాకుండా ఎవరితో ఆడావని అడగండి.