ఇంటెగ్రల్ జవాబు సున్నా వచ్చిందా? లిమిట్ల మధ్యలో చూడండి

సెమిస్టర్ పరీక్షలు రెండు వారాలు ఉన్నాయనగా నెల్లూరులో మా ట్యూషన్ గదికి కొత్త ముఖాలు వస్తాయి. కావలి నుంచి, గూడూరు నుంచి, కందుకూరు నుంచి కూడా. చేతిలో నోట్సు, నోట్లో ఒకటే మాట: "సార్, మెథడ్ కరెక్టే, ఆన్సర్ రావట్లా." నోట్సు చూస్తే మెథడ్ నిజంగానే కరెక్టు. ఇంటర్ 2బిలో ఇంటెగ్రేషన్ అంత రుద్దించి పంపారు మరి, సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అందుకే ఇక్కడ సూత్రాల జోలికి పోను. సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ మీకు వచ్చనే అనుకుంటున్నాను.

రానిది ఒక్కటే, వచ్చిన జవాబుని అనుమానించడం. ఈఏపీసెట్‌కి చదివినన్నాళ్ళూ కింద నాలుగు ఆప్షన్లు ఉండేవి. మీ జవాబు అందులో లేకపోతే తప్పని అక్కడే తెలిసిపోయేది. సెమిస్టర్ పేపర్లో ఆ నాలుగూ ఉండవు. ఏది వస్తే అది రాసి, కింద రెండు గీతలు కొట్టి తరవాత ప్రశ్నకి పోతారు.

కాబట్టి కింద చెప్పేవన్నీ చదివే ముందు ఈ పని చేయండి. లిమిట్లు లేని ఇంటెగ్రల్ అయితే జవాబుని డిఫరెన్షియేట్ చేసి మొదటి ప్రశ్న వస్తుందో లేదో చూడండి. లిమిట్లు ఉంటే జవాబు ఎంత ఉండాలో ఉజ్జాయింపుగా లెక్కేయండి. అర నిమిషం పని. ఇది చేయకుండా నా దగ్గరికి వచ్చినవాళ్ళని ముందు ఇది చేయించి, ఆ తరవాతే నోట్సు తీసుకుంటాను. సగం మంది అక్కడే "ఓ, సరే సార్" అని వెళ్ళిపోతారు.

జవాబు పుస్తకంతో కలవట్లేదు, కానీ తప్పెక్కడో దొరకట్లేదు

చాలాసార్లు తప్పే లేదు. సైన్ ఎక్స్ × కాస్ ఎక్స్‌ని ఇంటెగ్రేట్ చేస్తే ఒకరికి సైన్² ఎక్స్ / 2 వస్తుంది, ఇంకొకరికి −కాస్² ఎక్స్ / 2, మూడోవారికి −కాస్ 2ఎక్స్ / 4. మూడూ సరైనవే. వాటి మధ్య తేడా ఒక స్థిరసంఖ్య, అది '+ సి'లో కలిసిపోతుంది. డిఫరెన్షియేట్ చేసి చూస్తే గొడవ వదిలిపోతుంది.

బై పార్ట్స్ చేస్తే 0 = 0 వచ్చింది

ఈ పవర్ ఎక్స్ (eˣ) ఇంటు సైన్ ఎక్స్ లాంటి లెక్కలో రెండోసారి బై పార్ట్స్ చేసేటప్పుడు ఫస్ట్ ఫంక్షన్‌నీ సెకండ్ ఫంక్షన్‌నీ తారుమారు చేశారు. మొదటిసారి వేసిన ముడిని రెండోసారి మీరే విప్పేశారన్నమాట. మొదట దేన్ని ఫస్ట్ అనుకున్నారో రెండోసారీ ఆ రకాన్నే ఫస్ట్‌గా ఉంచండి.

జవాబు సున్నా వచ్చింది, లేదా పాజిటివ్ రావాల్సింది నెగెటివ్ వచ్చింది

దీని దగ్గర కాసేపు ఆగాలి. దీనితో నా చేతులూ కాలాయి. ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో కార్డియాయిడ్ (గుండె ఆకారంలో ఉండే వక్రం) చుట్టుకొలత లెక్క బోర్డు మీద వేస్తున్నాను. ఆర్ = ఎ(1 + కాస్ తీటా). సిమెట్రీ సంగతి ఎందుకులే, నేరుగా 0 నుంచి 2పై వరకు చేద్దామని మొదలుపెట్టాను. రూట్ లోపల ఎ²(2 + 2 కాస్ తీటా) వచ్చింది, దాన్ని 2ఎ కాస్ (తీటా/2) చేశాను, ఇంటెగ్రేట్ చేసి లిమిట్లు వేశాను. సున్నా! వెనక బెంచీలో ఒకడు మెల్లగా "అంటే గీత లేనట్టేనా సార్?" అన్నాడు. ఆ వక్రం పోల్ (మూలబిందువు) నుంచి 2ఎ దూరం దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. పొడవు 4ఎ కన్నా ఎక్కువే ఉండాలి. బోర్డు మీదేమో గుండ్రటి సున్నా.

తప్పు ఎక్కడ? రూట్ తీసినప్పుడు వచ్చేది కాస్ (తీటా/2) కాదు, దాని మాడ్యులస్, అంటే మైనస్ గుర్తు తీసేసిన విలువ. తీటా పై దాటగానే కాస్ (తీటా/2) నెగెటివ్ అవుతుంది. మాడ్ లేకపోతే రెండో సగం మొదటి సగాన్ని మింగేస్తుంది. 0 నుంచి పై వరకు చేస్తే 4ఎ, రెట్టింపు చేస్తే 8ఎ. పుస్తకాల్లో "ఇనీషియల్ లైన్‌కి సిమెట్రిక్ కాబట్టి" అని ఒక వాక్యం రాసి సగమే చేస్తారు. ఆ వాక్యం అలంకారం కోసమని మీరు దాన్ని దాటేస్తారు. మాడ్ గొడవ రాకుండా కాపాడుతున్నది అదే.

ఇదే దొంగ ఇంకో వేషంలో వస్తాడు. −1 నుంచి 1 వరకు 1/ఎక్స్². ఇంటెగ్రేట్ చేస్తే −1/ఎక్స్, లిమిట్లు వేస్తే −2. గ్రాఫ్ మొత్తం అక్షానికి పైన ఉంటే కింది వైశాల్యం మైనస్ రెండేంది? ఎక్స్ = 0 దగ్గర ఫంక్షన్ తెగిపోయింది. అక్కడ రెండుగా విడగొట్టి లిమిట్ తీస్తే ఇంటెగ్రల్‌కి విలువే లేదని తేలుతుంది. కోవూరులో ఎక్కాను, నెల్లూరులో దిగాను అంటే సరిపోదు, మధ్యలో పెన్న ఉంది. వంతెన ఉందో లేదో చూడాలా వద్దా?

దీన్ని చాలామంది పట్టేస్తారు, ఎందుకంటే తెగిన చోటు ప్రశ్నలోనే కనబడుతోంది. ఏళ్ళ తరబడి నేను చూస్తున్న అసలు దొంగ వేరు. వాడు ప్రశ్నలో ఉండడు. మనమే పిలిచి లోపల కూర్చోబెట్టుకుంటాం.

0 నుంచి పై వరకు 1/(1 + సైన్² ఎక్స్) తీసుకోండి. ఫంక్షన్‌లో ఏ లోపమూ లేదు, ఎక్కడా తెగదు. పైనా కిందా కాస్² ఎక్స్‌తో భాగించి టాన్ ఎక్స్ = టి అంటారు. లోపల 1/(1 + 2టి²) వస్తుంది, చక్కటి రూపం. ఇక లిమిట్లు మార్చాలి. టాన్ 0 = 0, టాన్ పై = 0. సున్నా నుంచి సున్నా వరకు, కాబట్టి జవాబు సున్నా. లిమిట్లు మార్చకుండా చివర్లో మళ్ళీ టాన్ ఎక్స్ పెట్టి వేసినా సున్నాయే. అందుకే రెండు రకాలుగా చేసినా అదే వచ్చిందని ధీమాగా రాసేస్తారు. ఆత్మకూరు బస్టాండులో బయల్దేరి మళ్ళీ అక్కడికే చేరిన బస్సు సున్నా కిలోమీటర్లు తిరిగిందంటే డిపోలో ఒప్పుకుంటారా?

టాన్ ఎక్స్ పై/2 దగ్గర తెగుతుంది. ఎక్స్ హాయిగా 0 నుంచి పై దాకా నడుస్తుంటే టి మాత్రం సున్నా నుంచి అనంతానికి ఎగిరి, మైనస్ అనంతం నుంచి మళ్ళీ సున్నాకి వచ్చింది. తెగింది ఫంక్షన్ కాదు, మీరు తెచ్చిన సబ్‌స్టిట్యూషన్. కాబట్టి పై/2 దగ్గర విడగొట్టండి. 0 నుంచి పై/2 వరకు పై/(2√2) వస్తుంది, రెండో సగమూ అంతే. మొత్తం పై/√2, అంటే సుమారు 2.22.

అర నిమిషం పని అన్నది ఇక్కడే అక్కరకొస్తుంది. సైన్² ఎక్స్ 0కి 1కి మధ్య ఉంటుంది కాబట్టి ఫంక్షన్ 1/2కి 1కి మధ్య ఉంటుంది. ఇంటర్వెల్ పొడవు పై (π). జవాబు 1.57కి 3.14కి మధ్య ఉండి తీరాలి, సున్నాకి అక్కడ చోటే లేదు. ఇంకా నమ్మకం కావాలంటే ట్రెపిజాయిడల్ రూల్ (వైశాల్యాన్ని ట్రెపీజియం ముక్కలుగా కోసి కలిపే పద్ధతి) నాలుగు ముక్కలతో వేయండి. విలువలు 1, 2/3, 1/2, 2/3, 1. కాలిక్యులేటర్ అక్కర్లేకుండానే 2.225 వస్తుంది. మూడో దశాంశం దగ్గర గానీ తేడా రాదు.

ఇదంతా టాన్ తప్పే అనుకునేవాళ్ళకి ఇంకొకటి. −1 నుంచి 1 వరకు ఎక్స్². జవాబు 2/3 అని అందరికీ తెలుసు. ఎక్స్² = టి అని పెట్టి చూడండి. లిమిట్లు 1 నుంచి 1 వరకు, మళ్ళీ సున్నా! ఇక్కడ ఏదీ తెగలేదు, టి మధ్యలో వెనక్కి తిరిగిందంతే. ఎక్స్ నెగెటివ్‌గా ఉన్నప్పుడు ఎక్స్ = −√టి అని రాయాలి. అందరూ రెండు వైపులా √టి అనే రాస్తారు.

కాబట్టి లిమిట్లు మార్చే ముందు ఒక చిన్న గీత గీసి, రెండు చివర్లూ గుర్తుపెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. మధ్యలో ప్రశ్నలోని ఫంక్షన్ తెగుతోందా? నేను తెచ్చిన సబ్‌స్టిట్యూషన్ తెగుతోందా, వెనక్కి తిరుగుతోందా? నేను తీసిన రూట్ గుర్తు మారుతోందా? ఎక్కడ అవునంటే అక్కడ విడగొట్టండి. 0 నుంచి 2పై వరకు 1/(2 + కాస్ తీటా) లాంటి లెక్క చూస్తే మరీ జాగ్రత్త. టాన్ (తీటా/2) తీటా = పై దగ్గర తెగుతుంది. జవాబు 2పై/√3, మీకొచ్చేది మాత్రం సున్నా.

ఇంటర్‌లో ఇలాంటివి చాలా చేశాం, ఎప్పుడూ తప్పు రాలేదే అంటారు. అక్కడ ముందే 0 నుంచి పై/2కి తగ్గించి రెండుతో గుణించే ప్రాపర్టీ బట్టీ పట్టించారు కాబట్టి రాలేదు. ఎందుకో చెప్పలేదు, మీరు అడగలేదు.

మిగతావి

లీనియర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్‌లో జవాబు తేడా వస్తే డీవై/డీఎక్స్ ముందు ఏముందో చూడండి. ఎక్స్ × డీవై/డీఎక్స్ + 2వై = ఎక్స్³ అని ఉంటే ముందు ఎక్స్‌తో భాగించాలి. అప్పుడే ఇంటెగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఎక్స్² అవుతుంది. భాగించకుండా ఈ పవర్ 2ఎక్స్ తీసుకుని అరపేజీ నడిపిన పేపర్లు ఎన్ని చూశానో.

సిలబస్‌లో సిరీస్ ఉన్నవాళ్ళకి: పదాలు సున్నాకి పోతున్నాయి కాబట్టి కన్వర్జ్ అవుతుందని, అంటే మొత్తం ఒక విలువకి చేరుతుందని రాయకండి. 1 + 1/2 + 1/3 + ... కూడా అలాగే కనబడుతుంది. మొత్తం 10 దాటడానికే 12,367 పదాలు కావాలి, అయినా ఆగకుండా పెరుగుతూనే పోతుంది. రేషియో టెస్ట్‌లో 1 వస్తే టెస్ట్ ఏమీ చెప్పలేదని అర్థం, ఇంకో టెస్ట్ పట్టుకోండి.

కాలిక్యులేటర్‌లో సరిచూస్తే ఏదో వింత సంఖ్య వస్తోందా? డిగ్రీల్లో ఉంది, రేడియన్లలోకి మార్చండి.

పుస్తకంలోనే జవాబు తప్పు పడిందేమో సార్ అంటారు. పడుతుంది, అప్పుడప్పుడు. ముందు మీ జవాబుని డిఫరెన్షియేట్ చేసి పట్టుకురండి.