లూసర్న్ వెళ్తున్నారా? పెట్టె ఇలా సర్దుకోండి

జులై నెలలో జ్యూరిక్ ఎయిర్‌పోర్టులో మనవాళ్లని గుర్తుపట్టడానికి మొహాలు చూడక్కర్లేదు. బయట 28 డిగ్రీల ఎండ కాస్తుంటే మోకాళ్ల దాకా దిగే నల్ల జాకెట్ వేసుకుని, చెమటలు కక్కుతూ, రెండు ట్రాలీలు తోసుకుంటూ వస్తారు. "స్విట్జర్లాండ్ కదా, చలి అన్నారు" అంటారు. ఎవరన్నారో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మేము ఇక్కడ ఉండబట్టి పదేళ్లు దాటింది. ప్రతి ఎండాకాలం అమ్మానాన్న, అత్తయ్యగారు, మామయ్యగారు, లేకపోతే వాళ్ల తరఫున ఎవరో ఒకరు వస్తారు. అందరికీ మొదట కావాల్సింది లూసర్నే. ఒకే ఊళ్లో సరస్సు, చెక్క వంతెన, మంచు కొండ అన్నీ దొరుకుతాయి. వచ్చే ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో ఇదే పురాణం చెప్పి చెప్పి విసుగొచ్చి ఒక చోట రాసేస్తున్నాను.

1. ముందు లెక్క తెలుసుకోండి

లూసర్న్ సరస్సు సముద్రమట్టానికి 434 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ఊరు కొండ మీద లేదు, కొండల కింద ఉంది. వేసవిలో ఇక్కడ చొక్కా ఒక్కటి చాలు. మీరు చూడబోయే కొండలు మాత్రం వేరు. రిగీ శిఖరం 1,798 మీటర్లు, పిలాటుస్‌లో రైలు దిగే చోటు 2,073 మీటర్లు, టిట్లిస్‌లో కేబుల్ కారు దింపే చోటు 3,020 మీటర్లు. వంద మీటర్లు పైకెళ్తే సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో 22 ఉంటే టిట్లిస్ మీద ఆరో ఏడో ఉంటుంది, గాలి తోడైతే లంబసింగిలో జనవరి తెల్లవారుజామే. పొద్దున తొమ్మిదింటికి ఎండలో బయల్దేరి, పదకొండున్నరకి మంచులో నిలబడి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఒడ్డున ఐస్‌క్రీమ్ తింటారు. మీరు సర్దాల్సింది ఈ ఒక్క రోజుకి. మిగతాది ఏ ఊరు వెళ్లినా సర్దుకునేదే.

2. పెట్టె

మనిషికి ఒక్క పెట్టె, దానికి తోడు వీపుకి తగిలించుకునే చిన్న బ్యాగు. ఎయిర్‌లైన్ రెండు పెట్టెలు ఒప్పుకుంటుంది కదా అని రెండు తెస్తే రైల్లోకి ఎక్కించాల్సింది మీరే. ఎయిర్‌పోర్టు నుంచి లూసర్న్‌కి నేరుగా రైలుంది, గంటా పది నిమిషాలు పడుతుంది. కూలీలు ఉండరు, రైలు మీ కోసం ఆగదు.

గాలి తీసేసే ప్లాస్టిక్ కవర్లు కొనకండి. బట్టలు అప్పడంలా అణిగిపోయాయని సంబరపడి ఇంకో పది జతలు కుక్కుతారు. బరువు తగ్గదు కదా! తిరుగు ప్రయాణంలో గాలి తీసే పంపు కనబడదు, పెట్టె మూతపడదు. బట్టలు చాపలా చుట్టి నిలువుగా పేర్చండి, అదొక్కటే పద్ధతి. మడతలు పెట్టేవాళ్లు ఇస్త్రీ గురించి నన్ను అడగొద్దు.

3. ఊళ్లో తిరగడానికి బట్టలు

వారానికి నాలుగు జతలు. ఉతుక్కోవచ్చు. జీన్స్ ఒక్కటే, అదీ విమానంలో వేసుకొచ్చినదే. తడిస్తే రెండు రోజులు ఆరదు. చాలా హోటళ్లలో ఏసీ ఉండదు కాబట్టి రాత్రికి పల్చటి నూలు బట్టలు పెట్టుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, పిల్లలు పడుకోరు, కళ్లగంతలు ఉంటే మంచిది. జులై, ఆగస్టుల్లో సరస్సులో ఈత కొట్టొచ్చు. ఈత బట్టలు పెట్టుకోండి. ఒడ్డున కూర్చుని "అయ్యో, తెచ్చుకోలేదే" అనని వాళ్లని నేను చూడలేదు.

గొడుగు వద్దు. వేసవిలోనే ఇక్కడ వానలెక్కువ, అదీ మధ్యాహ్నం దాటాక ఉరుములతో కొడుతుంది. సరస్సు మీంచి వచ్చే గాలికి మడత గొడుగు తామరాకులా వెనక్కి విరుచుకుంటుంది. టోపీ ఉన్న వాన జాకెట్ తెచ్చుకోండి. అదే కొండ మీద గాలిని కూడా ఆపుతుంది.

4. కొండ బ్యాగు: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతావి మర్చిపోయినా పర్లేదు.

మనవాళ్ల ఆలోచన ఇలా సాగుతుంది: మంచు అంటే చలి, చలి అంటే మందపాటి జాకెట్, ఎంత మందమైతే అంత మంచిది. అందుకని నాలుగైదు వేలు పెట్టి దుప్పటంత జాకెట్ కొని, లోపల నూలు బనీను, నూలు చొక్కా వేసుకుని వస్తారు. మా బాబాయి సరిగ్గా ఇలాగే వచ్చాడు. చేత్తో పట్టుకుంటే బరువని జాకెట్‌ని లూసర్న్ స్టేషన్లోనే తొడుక్కున్నాడు. టిట్లిస్ కింద ఉన్న ఎంగెల్‌బర్గ్ దాకా ముప్పావు గంట రైలు, అక్కడి నుంచి తీగ మీద వెళ్లే గాజు డబ్బాలాంటి గండోలా, దాని మీద ఎండ. స్టాండ్ అనే మధ్య స్టేషన్లో దిగి, మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే రోటెయిర్ కేబుల్ కారు ఎక్కేసరికి బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. పైన తలుపు తెరుచుకుని గాలి కొట్టగానే ఆ తడంతా చల్లబడి వీపుకి అంటుకుంది. ఐదు నిమిషాల్లో పళ్లు టకటకలాడాయి. ఒంటి మీద ఆ గుంపులోకెల్లా మందమైన జాకెట్ ఉంది. గంట సేపు లోపల సూప్ తాగుతూ కూర్చుని, మంచు గాజులోంచి చూసి కిందికొచ్చాడు.

చలి బయట నుంచి రాలేదు, లోపలి తడి నుంచి వచ్చింది. నూలు చెమటని పీల్చుకుని వదలదు. అందుకే మందపాటి ఒక్క జాకెట్ బదులు పల్చటివి మూడు కావాలి.

ఒంటికి ఆనేది నూలు కాకూడదు. ఆటలకి వేసుకునే పాలియెస్టర్ టీషర్టు చాలు, చలి ఎక్కువ అనిపించేవాళ్లకి థర్మల్, అంటే ఒంటికి అతుక్కునే వెచ్చటి లోపలి బట్ట. దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగు జాకెట్) గానీ ఊలు స్వెట్టర్ గానీ. అమ్మ అల్లిన స్వెట్టరైనా సరే, సిగ్గుపడక్కర్లేదు. అన్నిటికీ పైన ఇందాక చెప్పిన వాన జాకెట్. అది ఫ్లీస్ మీద బిగుతు లేకుండా పట్టాలి, కాబట్టి కొనేటప్పుడే స్వెట్టర్ వేసుకుని తొడిగి చూడండి. షాపులో టీషర్టు మీద సరిపోయిందని కొనేస్తారు, ఇక్కడ జిప్పు పడదు.

ఈ మూడూ ఉన్నా వేసుకునే వేళ తప్పితే లాభం లేదు. లూసర్న్‌లో బయల్దేరేటప్పుడు ఒంటి మీద మొదటిది మాత్రమే ఉండాలి, మిగతా రెండూ బ్యాగులో. కాస్త చలిగా అనిపిస్తే అనిపించనివ్వండి, నడిస్తే పోతుంది. స్టాండ్‌లో ఫ్లీస్. రోటెయిర్ తలుపు తెరుచుకునే ముందు, లోపలే, జాకెట్. బయటికెళ్లి వణుకు మొదలయ్యాక వేసుకుంటే ఒళ్లు మళ్లీ వెచ్చబడటానికి అరగంట పడుతుంది. పైన హిమానీనదం లోపల తొలిచిన గుహ ఉంది. అక్కడ ఎండాకాలంలో కూడా సున్నాకి దిగువే, జిప్పు మెడ దాకా లాక్కోండి. తిరిగి దిగేటప్పుడు స్టాండ్‌లోనే జాకెట్ తీసేయాలి. "కిందికెళ్లాక తీద్దాంలే" అన్నవాళ్లు మర్నాడు పొద్దున జలుబు మాత్ర అడుగుతారు.

చీర కట్టుకునేవాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. మా అత్తయ్యగారికి చీర తప్ప అలవాటు లేదు. మానక్కర్లేదు. లోపల థర్మల్ పైజమా, దాని మీద లంగా. నిండు చేతుల థర్మల్ మీద జాకెట్టు. చీర జార్జెట్ లాంటిది, నూలు వద్దు. కుచ్చిళ్లు చీలమండకి నాలుగు వేళ్లు పైకి ఉండేలా కట్టాలి, లేకపోతే అంచు మంచులో ఈడ్చుకుపోయి తడి మోకాళ్ల దాకా ఎక్కుతుంది. పమిట నడుము చుట్టూ తిప్పి దోపి, పిన్ను పెట్టి, దాని మీద స్వెట్టర్, వాన జాకెట్. ఫోటో కోసం పమిట ఎగరేయాలనుంటే రెండు నిమిషాలు జిప్పు తీసి ఎగరేసుకోండి. సినిమాలో హీరోయిన్‌కి కట్ చెప్పగానే శాలువా కప్పేవాళ్లుంటారు. మనకి ఎవరూ కప్పరు.

ఇంక పాదాలు. పట్టు ఉన్న అడుగుతో, వారం రోజులు తొడిగి అలవాటైన బూట్లు కావాలి. బీరువాలోంచి తీసిన పాత ట్రెక్కింగ్ బూట్లు మహా ప్రమాదం. వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే లోపలి ఫోము పొడి పొడై అడుగు ఊడిపోతుంది. మా మామయ్యవి ఎనిమిదేళ్ల నాటివి, చూడ్డానికి కొత్తవే. టిట్లిస్ పైన టెర్రస్ మీద నాలుగడుగులు వేయగానే కుడి బూటు మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ముగ్గురి జుట్టు రబ్బరు బ్యాండ్లు తీసి కట్టాం. ఎడమది ఎంగెల్‌బర్గ్ స్టేషన్లో ఊడింది. బయల్దేరే ముందు అడుగుని రెండు చేతులా వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే వదిలేయండి. మేజోళ్లు రెండు జతలు. రెండోది ప్లాస్టిక్ కవర్లో వేసుకోండి, తడిసినవి అదే కవర్లోకి పోతాయి.

చలువ కళ్లద్దాలు సోకు కోసం కాదు. తాజా మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే వస్తాయి. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాయాలి. "మనం నల్లగానే ఉంటాం కదా" అన్న మా తమ్ముడి ముక్కు మూడు రోజులు పొలుసులు ఊడింది. మంకీ క్యాప్ తెచ్చుకోండి, ఎవరూ నవ్వరు. చేతితొడుగులు ఫోను తెర మీద పనిచేసేవి తీసుకోండి.

ఇంకో మాట. గంటన్నరలో రెండున్నర వేల మీటర్లు ఎక్కుతారు. పైన గాలి పల్చన, కొంచెం తల తిరగొచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు మీ ఊళ్లోనే డాక్టర్ని అడిగి రండి. వద్దంటే రిగీ వెళ్లండి. 1871లో వేసిన పళ్లచక్రాల రైలు వాకిట్లో దింపినట్టు శిఖరం పక్కన దింపుతుంది. నన్నడిగితే టిట్లిస్ కన్నా అదే బాగుంటుంది. కానీ మంచు తొక్కకుండా ఇంటికెళ్తే చుట్టాలు ఊరుకోరట.

5. తిండి సామాను

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి తేకండి. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు ఇక్కడికి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఎండు కొబ్బరి చిప్పలు మన ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు, నూనె ఉంటుంది కాబట్టి మండే వస్తువు కింద లెక్క. కంది పొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, పులిహోర పులుసు హాయిగా తెచ్చుకోండి. అన్నీ పెద్ద పెట్టెలోనే పెట్టాలి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోవచ్చు. పచ్చడి సీసా మూత మీద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, రెండు కవర్లలో చుట్టి, మేజోళ్ల మధ్య పెట్టండి. నెయ్యి లేకుండా కంది పొడి ఏమిటి అంటారు. కూప్, మిగ్రో అని ఇక్కడి సూపర్ మార్కెట్లున్నాయి, వాటిలో వెన్న కొని కరగబెట్టుకోండి, ఇక్కడి వెన్నకి వంక పెట్టలేరు. పెరుగు, బియ్యం కూడా అక్కడే దొరుకుతాయి. ఆదివారం షాపులన్నీ మూత, రైల్వే స్టేషన్లోవి మాత్రం తెరిచి ఉంటాయి.

ఖాళీ నీళ్ల సీసా మనిషికొకటి. పాత ఊళ్లో వీధి ఫౌంటెన్ల నీళ్లు తాగొచ్చు. సీసా నీళ్లు కొనేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది.

6. చిల్లర సామాన్లు

కరెంటు మన దగ్గరున్న 230 వోల్టులే, కన్వర్టర్ అక్కర్లేదు. ప్లగ్గు దగ్గరే చిక్కు. ఇక్కడి సాకెట్ గోడలోకి గుంటలా ఉంటుంది, ఆరు మూలల ఆకారం. యూరప్ అడాప్టర్ అని అమ్మే లావుపాటి గుండ్రటిది ఆ గుంటలోకి దూరదు. సన్న పిన్నులు రెండున్న ఫోను చార్జర్ నేరుగా పడుతుంది. మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్గుకి మాత్రం స్విట్జర్లాండ్ అని రాసి ఉన్న అడాప్టరే కొనండి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే.

మందులు నెలకి సరిపడా, చీటీతో సహా. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు కాగితాల జిరాక్సులు విడిగా.

నవంబరు నుంచి జనవరి మధ్య వచ్చేవాళ్లకి ఒక తేడా ఉంది. అప్పుడు ఊళ్లోనే నిజమైన చలి. సరస్సు మీద పొగమంచు మూతలా కప్పేసి రోజుల తరబడి సూర్యుడు కనబడడు, రిగీ ఎక్కితే మేఘాల పైన ఎండ కాస్తుంటుంది, ఒక్కోసారి ఊరికన్నా వెచ్చగా కూడా ఉంటుంది. ఆ నెలల్లో మందపాటి జాకెట్ తెచ్చుకోండి, అప్పుడు నేనేమీ అనను.

అంతా సర్దాక పెట్టె మూసి, చేత్తో ఎత్తి పట్టుకుని, మీ ఇంటి మేడ మెట్లు రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కండి. మధ్యలో ఆగారంటే పెట్టె తెరిచి రెండో జీన్స్ తీసేయండి. పెట్టలేదని చెప్పకండి, పెట్టే ఉంటారు.