ఏ వైరు ఎవరిదో తెలియాలంటే
ఒడిశాలోని రాయగడలో చిన్న ఆఫీసుల్లో, నెట్ వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ (కరెంటు స్విచ్ కాదు) ఉన్న పెట్టె తెరిస్తే వైర్ల చిక్కుముడే. ఏది బిల్లింగ్‌దో, ఏది కెమెరాదో తెలియదు.

పని ముగిశాక ఒక్కో వైరు పీకి, ఏ సిస్టమ్‌కు నెట్ పోయిందో చూడండి. ఆ వైరు రెండు కొసలకూ, పిన్నుకు నాలుగు వేళ్ల దూరంలో, తెల్ల ఇన్సులేషన్ టేపు జెండాలా మడిచి అతికించి, మార్కర్‌తో ఒకే నంబరు వేయండి. పేర్లొద్దు. మనం తెలుగులో రాస్తే ఒడియా ఎలక్ట్రీషియన్‌కు తెలియదు, ఆయన రాసింది మనకు తెలియదు. 1, 2, 3 అని అంకెలైతే ఇద్దరికీ తెలుసు.

నంబరు, పోర్టు (స్విచ్‌లో ఆ వైరు గుచ్చిన రంధ్రం), సీటు, మ్యాక్ అడ్రస్ (సిస్టమ్ నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య; విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో getmac అని కొడితే వస్తుంది) కాగితం మీద రాసి పెట్టె తలుపు లోపల అంటించండి. ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కు ఇచ్చే అడ్రస్) రాయకండి, అది మారిపోవచ్చు.

ఏ టేబుల్ కిందో ఇంకో చిన్న స్విచ్ ఉంటే మాత్రం, ఒక్క వైరు పీకినా మూడు నాలుగు సిస్టమ్‌లకు నెట్ పోతుంది. అప్పుడు ముందు దాన్ని వెతకాలి.